పాఠం 14: డేటాబేస్ సర్వరుకు రక్షణ – ఏ పద్ధతిని ఎంచుకోవాలి?

మీరు బ్యాంకులో వరుసలో నిలబడి ఉన్నారు. మీ వంతు వచ్చింది. కౌంటరులోని ఉద్యోగి తల ఎత్తి, "సర్వరు డౌన్ అయిందండీ, కాసేపు ఆగండి" అన్నాడు. ఈ మాట వినని వారు మనలో ఉండరు. రైల్వే టికెట్టు కౌంటరులో, మీ సేవా కేంద్రంలో, రేషను దుకాణంలో కూడా ఇదే మాట వింటుంటాం. కాసేపటికి సర్వరు వస్తుంది, పని సాగుతుంది. మనం కూడా ఆ విషయం మరచిపోతాం.

అయితే రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఆ సర్వరు ఈ రోజంతా రాకపోతే ఏమవుతుంది? వచ్చినా, నిన్న మీరు కట్టిన డబ్బు వివరం అందులో లేకపోతే ఏమవుతుంది? మొదటిది కాలానికి సంబంధించిన నష్టం. రెండవది సమాచారానికి సంబంధించిన నష్టం. ఈ రెండు నష్టాలనూ వేరు వేరుగా చూడగలిగితే ఈ పాఠంలో సగం మీకు అర్థమైనట్లే.

14.1 ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నిరంతర లభ్యతకు, విపత్తు నుంచి పునరుద్ధరణకు గల తేడాను చెప్పగలుగుతారు.
• ఆర్.టి.ఓ., ఆర్.పి.ఓ. అనే రెండు కొలతలను వివరించగలుగుతారు.
• డేటాబేస్ సర్వరును కాపాడే నాలుగు పద్ధతులను పోల్చగలుగుతారు.
• ఒక సంస్థ అవసరాన్ని బట్టి తగిన పద్ధతిని కారణాలతో ఎంచుకోగలుగుతారు.

14.2 సర్వరుకు ఏయే ప్రమాదాలు వస్తాయి?

ఒక సంస్థ లెక్కలన్నీ భద్రపరచి, అడిగిన వారికి అడిగిన వివరం అందించే కంప్యూటరే డేటాబేస్ సర్వరు. దీనికి వచ్చే ప్రమాదాలను నాలుగు రకాలుగా విభజించవచ్చు.

(అ) యంత్రానికి వచ్చేవి: డిస్కు చెడిపోవడం, పవర్ సప్లై కాలిపోవడం, ఆపరేటింగ్ సిస్టమ్ ఆగిపోవడం. ఇవి తరచుగా జరుగుతాయి. వీటి వల్ల పాడయ్యేది ఒక యంత్రమే.

(ఆ) భవనానికి వచ్చేవి: అగ్నిప్రమాదం, నీరు చేరడం, కరెంటు పూర్తిగా పోవడం. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో 2021 మార్చి 10న ఓవీహెచ్ అనే సంస్థకు చెందిన ఒక డేటా కేంద్రం భవనం పూర్తిగా కాలిపోయింది. సర్వరుతో పాటు దాని నకలును కూడా అదే చోట ఉంచుకున్న కొందరు ఖాతాదారులు రెండింటినీ పోగొట్టుకున్నారు.

(ఇ) ప్రాంతానికి వచ్చేవి: తుఫాను, వరద, భూకంపం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నగరంలో విద్యుత్తు, టెలిఫోను వ్యవస్థలు రోజుల తరబడి దెబ్బతిన్నాయి. అటువంటి రోజున ఒకే నగరంలో రెండు సర్వర్లు ఉన్నా ఉపయోగం తక్కువ.

(ఈ) మనిషి వల్ల వచ్చేవి: పొరపాటున ఒక పట్టికను తుడిచివేయడం, తప్పు ప్రోగ్రాము నడపడం, దుర్బుద్ధితో ఎవరైనా సమాచారాన్ని పాడుచేయడం. ఇక్కడ యంత్రం బాగానే ఉంటుంది. పాడైనది సమాచారం.

మొదటి రకం ప్రమాదం జరిగినా పని ఆగకుండా చూసే ఏర్పాటును నిరంతర లభ్యత అంటారు. వాడుకలో దీనినే హై అవైలబిలిటీ అంటారు. భవనమో, ప్రాంతమో దెబ్బతిన్నప్పుడు మరొక చోట పనిని మళ్ళీ నిలబెట్టే ఏర్పాటును విపత్తు నుంచి పునరుద్ధరణ, అనగా డిజాస్టర్ రికవరీ అంటారు. మనం దీనిని డి.ఆర్. అని పిలుచుకుందాం. నాలుగవ రకం ప్రమాదానికి ఈ రెండూ చాలవు. ఎందుకు చాలవో 14.8లో చూస్తాం.

14.3 రెండు కొలతలు

వైద్యుడు మందు రాయడానికి ముందు నాడి చూస్తాడు. అలాగే పద్ధతిని ఎంచుకోవడానికి ముందు రెండు అంకెలు తెలుసుకోవాలి.

ఆర్.టి.ఓ.: అనగా రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్. (లైసెన్సు ఇచ్చే రవాణా శాఖ ఆర్.టి.ఓ. కాదని గమనించండి.) ఆగిన పని ఎంతసేపటిలోగా తిరిగి మొదలు కావాలి అన్నదే ఈ కొలత.

ఆర్.పి.ఓ.: అనగా రికవరీ పాయింట్ ఆబ్జెక్టివ్. ప్రమాదానికి ముందు ఎంత కాలం నమోదు చేసిన సమాచారం పోయినా భరించగలం అన్నదే ఈ కొలత.

ఉదాహరణకు, ఒక ఆఫీసు ప్రతి రాత్రి 10 గంటలకు నకలు తీస్తుందనుకోండి. మరుసటి రోజు సాయంత్రం 4 గంటలకు డిస్కు చెడిపోయింది. కొత్త డిస్కు పెట్టి, నకలు ఎక్కించి, రాత్రి 9 గంటలకు పని మొదలుపెట్టారు. పని ఆగిన కాలం 5 గంటలు. పోయిన సమాచారం 18 గంటలది. ఈ రెండు అంకెలూ ఒకదానిమీద ఒకటి ఆధారపడి లేవు. అందువల్ల "మా సర్వరుకు పూర్తి రక్షణ కావాలి" అని అడిగితే సరిపోదు. "ఎన్ని నిమిషాలు ఆగవచ్చు? ఎన్ని నిమిషాల సమాచారం పోవచ్చు?" అని విడివిడిగా అడగాలి. రెండింటికీ సున్నా అని జవాబు చెప్పడం తేలిక, దాని ఖర్చు భరించడం కష్టం.

సర్వరు లభ్యతను శాతంలో చెప్పడం కూడా వాడుక. ఏడాదికి 8,760 గంటలు. ఆ లెక్కన:

99 శాతం లభ్యత – ఏడాదిలో సుమారు 87 గంటల 36 నిమిషాలు ఆగవచ్చు
99.9 శాతం – సుమారు 8 గంటల 46 నిమిషాలు
99.99 శాతం – సుమారు 53 నిమిషాలు
99.999 శాతం – సుమారు 5 నిమిషాలు

కాగితం మీద ఒక 9 పెరిగితే ఆగే కాలం పదో వంతుకు తగ్గుతుంది. ఖర్చు మాత్రం చాలా రెట్లు పెరుగుతుంది.

పాఠంలోని ప్రశ్నలు 14.1

1. ఒక ఆసుపత్రి ప్రతి 6 గంటలకు ఒకసారి నకలు తీస్తుంది. ఎక్కువలో ఎక్కువ ఎన్ని గంటల సమాచారం పోవచ్చు?
2. నకలు తిరిగి ఎక్కించడానికి 3 గంటలు పడుతుంది. ఇది ఏ కొలతకు సంబంధించినది?
3. ఒకే గదిలో రెండు సర్వర్లు ఉంటే పై నాలుగు రకాల ప్రమాదాలలో దేని నుంచి రక్షణ లభిస్తుంది?

(జవాబులు పాఠం చివర ఉన్నాయి. ముందుగా మీరే రాయండి.)

14.4 చిట్టా, ఆవర్జా

పద్ధతుల గురించి తెలుసుకునే ముందు డేటాబేస్ తన లెక్కను ఎలా రాసుకుంటుందో చూద్దాం. మన పాతకాలపు కొట్లలో రెండు పుస్తకాలు ఉండేవి. జరిగిన ప్రతి లావాదేవీని వరుసగా రాసేది చిట్టా. అందులోని పద్దులను పేరు పేరునా విడదీసి రాసేది ఆవర్జా. ఆవర్జా తడిసిపోయినా, పాత ఆవర్జా నకలు ఒకటి, ఆనాటి నుంచి రాసిన చిట్టా ఉంటే చాలు. గుమాస్తా కూర్చుని మొత్తం తిరిగి రాయగలడు.

ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ వంటి డేటాబేస్‌లు కూడా ఈ విధంగానే పనిచేస్తాయి. మార్పు ఏదైనా ముందుగా లాగ్ అనే ఫైలులో వరుసగా నమోదు అవుతుంది. ఇది చిట్టా. తరువాత అసలు పట్టికలలోకి ఎక్కుతుంది. ఇది ఆవర్జా. మనం ఇప్పుడు చూడబోయే నాలుగు పద్ధతులలో మూడింటికి ఆధారం ఈ చిట్టాయే. దానిని ఎప్పుడు, ఎంత దూరం, ఎలా పంపుతాం అన్నదానిలోనే వాటి మధ్య తేడా ఉన్నది.

14.5 నాలుగు పద్ధతులు

మొదటి పద్ధతి: బ్యాకప్, లాగ్ భద్రపరచడం

వారానికో, రోజుకో ఒకసారి మొత్తం డేటాబేస్‌కు నకలు తీస్తారు. మధ్యలో పుట్టిన లాగ్‌ను 5 లేక 15 నిమిషాలకు ఒకసారి మరొక చోటికి పంపుతారు. ప్రమాదం జరిగితే నకలును ఎక్కించి, దానిమీద లాగ్‌ను నడుపుతారు. మనకు కావలసిన క్షణం దగ్గర ఆపవచ్చు కూడా. ఉదయం 10 గంటల 15 నిమిషాలకు ఎవరో పట్టికను తుడిచివేశారనుకోండి. 10 గంటల 14 నిమిషాల వరకు లాగ్ నడిపి అక్కడ ఆపవచ్చు.

ఈ పద్ధతికి ఖర్చు తక్కువ. కాని కాలం ఎక్కువ పడుతుంది. 1 టెరాబైట్ నకలును సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో ఎక్కిస్తే 10,000 సెకన్లు, అంటే సుమారు 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. కొత్త యంత్రం తెచ్చుకోవడం, లాగ్ నడపడం దీనికి అదనం.

రెండవ పద్ధతి: ఒకే డిస్కు, రెండు సర్వర్లు

రెండు సర్వర్లను ఒకే స్టోరేజి యూనిట్‌కు కలుపుతారు. ఒకటి ఆగితే రెండవది అదే డిస్కును తీసుకుని పని కొనసాగిస్తుంది. దీనిని ఫెయిలోవర్ క్లస్టర్ అంటారు. కొద్ది నిమిషాలలో పని తిరిగి మొదలవుతుంది. సమాచారం ఒకే చోట ఉన్నది కనుక తేడా వచ్చే సమస్య లేదు. అయితే ఆ స్టోరేజి యూనిటే చెడిపోతే రెండు సర్వర్లూ చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

మూడవ పద్ధతి: అసింక్రనస్ రెప్లికేషన్

ప్రధాన సర్వరు తన లాగ్‌ను ఎప్పటికప్పుడు రెండవ సర్వరుకు పంపుతూ ఉంటుంది. రెండవ సర్వరును స్టాండ్‌బై అంటారు. అది ఆ లాగ్‌ను తన పట్టికలలో రాసుకుంటూ వెనుకనే వస్తుంది. ప్రధాన సర్వరు మాత్రం "అందిందా?" అని ఎదురు చూడదు. పోస్టుకార్డు డబ్బాలో వేసి మన పనికి మనం వెళ్ళినట్లు. కనుక దూరం ఎంత ఉన్నా పని నెమ్మదించదు. కాని ప్రధాన సర్వరు హఠాత్తుగా కూలిపోతే, దారిలో ఉన్న కొన్ని సెకన్ల సమాచారం పోతుంది. లైను నెమ్మదిగా ఉంటే నిమిషాలదే పోవచ్చు.

నాలుగవ పద్ధతి: సింక్రనస్ రెప్లికేషన్

ఇందులో ప్రధాన సర్వరు లాగ్‌ను పంపి, స్టాండ్‌బై "అందింది" అని చెప్పేవరకు వినియోగదారునికి "మీ పని అయింది" అని చెప్పదు. రిజిస్టరు పోస్టుకు రసీదు వచ్చేవరకు ఆగినట్లు. ప్రధాన సర్వరు కూలినా, "అయింది" అని చెప్పిన ఏ పద్దూ పోదు. అనగా ఆర్.పి.ఓ. సున్నా.

దీనికి రెండు మూల్యాలు చెల్లించాలి. ప్రతి పద్దుకూ కొంత ఆలస్యం ఒకటి. స్టాండ్‌బై ఆగిపోతే ఏం చేయాలన్నది రెండవది. ప్రధాన సర్వరు కూడా ఆగి ఎదురు చూడాలా, లేక రసీదు లేకుండా ముందుకు పోవాలా? ఆగితే లభ్యత పోతుంది. ముందుకు పోతే సున్నా నష్టం అన్న హామీ పోతుంది. అందువల్లనే ఈ పద్ధతిని ఎంచుకున్న సంస్థలు సాధారణంగా రెండు స్టాండ్‌బైలు ఉంచి, వాటిలో ఏ ఒక్కటి రసీదు ఇచ్చినా చాలునని ఏర్పాటు చేసుకుంటాయి.

14.6 దూరం ఎంత ఉండాలి?

స్టాండ్‌బై దగ్గర ఉంటే ప్రధాన సర్వరుకు వచ్చిన తుఫాను దానికీ వస్తుంది. దూరంగా ఉంటే రసీదు రావడానికి ఆలస్యం అవుతుంది. ఈ ఆలస్యం ఎంతో లెక్క వేద్దాం.

ఆప్టికల్ ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. స్టాండ్‌బై 40 కిలోమీటర్ల దూరంలో ఉంటే వెళ్ళి రావడానికి 80 కిలోమీటర్లు, అనగా 0.4 మిల్లీసెకన్లు. 1,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే 10 మిల్లీసెకన్లు. ఇది కనురెప్ప పాటులో ఎంతో చిన్న భాగమే. కాని ఒకే ఖాతా మీద ఒకదాని తరువాత ఒకటిగా పద్దులు రాయవలసి వస్తే, 10 మిల్లీసెకన్ల ఆలస్యంతో సెకనుకు 100 పద్దులకు మించి రాయలేం. 0.4 మిల్లీసెకన్లయితే 2,500 రాయవచ్చు. ఎంత ఖరీదైన యంత్రం కొన్నా కాంతి వేగం పెరగదు.

అందువల్ల పెద్ద సంస్థలు రెండింటినీ కలిపి వాడతాయి. దగ్గరలో ఒక సింక్రనస్ స్టాండ్‌బై, దూరంలో ఒక అసింక్రనస్ స్టాండ్‌బై. మన దేశంలో స్టాక్ ఎక్స్ఛేంజీలకు సెబీ విధించిన నిబంధనలలో ఈ ఆలోచనే కనిపిస్తుంది. సమాచార నష్టం లేకుండా చూడటానికి దగ్గరలో ఒక కేంద్రం ఉండాలి. దానికి తోడు డి.ఆర్. కేంద్రం వేరే భూకంప మండలంలో ఉండటం మంచిది. అది వీలుకాకపోతే ప్రధాన కేంద్రానికి కనీసం 500 కిలోమీటర్ల దూరంలో ఉండాలి.

14.7 ఎవరు నిర్ణయిస్తారు?

ప్రధాన సర్వరు నుంచి కబురు ఆగిపోయింది. స్టాండ్‌బై ఏమనుకోవాలి? ప్రధాన సర్వరు చనిపోయిందనా, లేక మధ్యలో తీగ తెగిందనా? రెండు సందర్భాలలోనూ దానికి కనిపించేది మౌనమే. తీగ మాత్రమే తెగినప్పుడు స్టాండ్‌బై తానే ప్రధానమని ప్రకటించుకుంటే, ఒకే కొట్టుకు ఇద్దరు గుమాస్తాలు రెండు ఆవర్జాలు రాసినట్లు అవుతుంది. తరువాత ఆ రెండింటినీ కలపడం చాలా కష్టం. ఈ స్థితిని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు.

దీనికి విరుగుడు కోరం. సంఘం సమావేశానికి కోరం ఉండాలని మీకు తెలుసు. అలాగే ఇక్కడ ముగ్గురు ఓటర్లను పెడతారు. ఇద్దరు ఒప్పుకుంటేనే కొత్త ప్రధాన సర్వరు ఎన్నిక జరుగుతుంది. కోరం పోగొట్టుకున్న పక్షం రాయడం మానివేయాలి. ఓటర్లు ఇద్దరే ఉంటే తీగ తెగినప్పుడు చెరొక ఓటు మిగులుతుంది, ఎవరికీ మెజారిటీ రాదు. అందుకే బేసి సంఖ్యలో ఓటర్లను ఉంచుతారు.

కోరం ఉన్నా జాగ్రత్త అవసరం. 2018 అక్టోబరు 21న అమెరికాలో గిట్‌హబ్ అనే సంస్థకు తూర్పు తీరంలో నెట్‌వర్కు 43 సెకన్లపాటు తెగింది. ఆ వ్యవధిలోనే ఆటోమేటిక్ ఏర్పాటు పశ్చిమ తీరంలోని సర్వర్లను ప్రధానంగా ఎన్నుకున్నది. తూర్పున అప్పటికే రాసిన కొన్ని సెకన్ల పద్దులు పశ్చిమానికి చేరలేదు. పశ్చిమాన కొత్త పద్దులు పడసాగాయి. సమాచారం చెడకుండా రెండు వైపులా సరిచేసుకుని, సేవలు పూర్తిగా కుదుటపడటానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. తీగ తెగినది 43 సెకన్లు మాత్రమే అన్న సంగతి గుర్తుంచుకోండి. ఒకే గదిలోని, ఒకే నగరంలోని సర్వర్ల మధ్య మార్పును యంత్రానికి వదిలివేయవచ్చు. దూర ప్రాంతానికి మారే నిర్ణయాన్ని అనేక సంస్థలు మనిషి చేతిలోనే ఉంచుకుంటాయి.

పాఠంలోని ప్రశ్నలు 14.2

1. "అయింది" అని చెప్పిన పద్దు ఏదీ పోకూడదంటే ఏ పద్ధతి కావాలి?
2. స్టాండ్‌బై 100 కిలోమీటర్ల దూరంలో ఉంటే కాంతి వెళ్ళి రావడానికి ఎంత కాలం పడుతుంది?
3. ఐదుగురు ఓటర్లు ఉన్నచోట కొత్త ప్రధాన సర్వరును ఎన్నుకోవడానికి కనీసం ఎందరు కావాలి?

14.8 రెండు సంఘటనలు, రెండు పాఠాలు

మొదటిది మన దేశంలోనిది. ముంబయిలోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో 2021 ఫిబ్రవరి 24న ఉదయం 11 గంటల 40 నిమిషాలకు క్రయవిక్రయాలు నిలిచిపోయాయి. టెలికాం లింకులలో అంతరాయం వచ్చిందనీ, దాని వెంట స్టోరేజి వ్యవస్థ ఊహించని విధంగా ప్రవర్తించిందనీ, అందువల్ల రిస్కును లెక్కించే వ్యవస్థ అందుబాటులో లేకుండా పోయిందనీ ఆ సంస్థ తరువాత తెలిపింది. మామూలుగా 3 గంటల 30 నిమిషాలకు ముగిసే మార్కెట్టు, ఆ రోజు 3 గంటల 45 నిమిషాలకు తిరిగి మొదలై 5 గంటల వరకు నడిచింది. ఉదయం కొన్న వాటాలను ఆ రోజే అమ్ముకోవలసిన చిన్న మదుపుదారులు నాలుగు గంటలు ఎటూ తోచక ఉండిపోయారు.

ఆ సంస్థకు డి.ఆర్. కేంద్రం లేకపోలేదు. కాని ఆ రోజు దానికి మారలేదు. ఎందుకు మారలేదో చెప్పాలని సెబీ అడిగింది. అదే ఏడాది మార్చిలో నిబంధనలను బిగించింది. ముఖ్య వ్యవస్థ ఆగితే 30 నిమిషాలలోగా దానిని విపత్తుగా ప్రకటించాలి. ప్రకటించిన 45 నిమిషాలలోగా పనిని నిలబెట్టాలి. ఆర్.పి.ఓ. 15 నిమిషాలు. ఇందులో మొదటి షరతును ప్రత్యేకంగా గమనించండి. అది యంత్రానికి పెట్టిన గడువు కాదు, నిర్ణయం తీసుకునే మనుషులకు పెట్టిన గడువు. "ఇంకో పది నిమిషాలు చూద్దాం, అదే వస్తుంది" అనుకుంటూ గంటలు గడిచిపోవడం ఎక్కడైనా జరిగేదే. 2024 మార్చి 2వ తేదీ శనివారం నాడు ఎక్స్ఛేంజ్ ఒక ప్రత్యేక సమావేశం నడిపింది. మొదటి భాగం ప్రధాన కేంద్రం నుంచి, రెండవ భాగం డి.ఆర్. కేంద్రం నుంచి నిజమైన క్రయవిక్రయాలతో జరిగింది. ఇటువంటి అభ్యాసాన్ని డ్రిల్ అంటారు.

రెండవ సంఘటన గిట్‌ల్యాబ్ అనే సంస్థలో 2017 జనవరి 31న జరిగింది. రెప్లికేషన్ వెనుకబడి ఉండటంతో దానిని సరిచేస్తున్న ఒక ఇంజనీరు, స్టాండ్‌బై మీద అనుకుని ప్రధాన సర్వరు మీద ఫైళ్ళను తుడిచివేసే ఆజ్ఞ ఇచ్చాడు. పొరపాటు గ్రహించి ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మాత్రమే మిగిలాయి. బ్యాకప్ కోసం చూస్తే, రోజూ నడవవలసిన ప్రోగ్రాము వేరే వెర్షను కావడంతో చాలాకాలంగా విఫలమవుతున్నదని తేలింది. విఫలమైందని తెలిపే ఈమెయిళ్ళు ఎవరికీ చేరడం లేదు. అదృష్టవశాత్తు, మరొక పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక నకలు దొరికింది. దానితో నిలదొక్కుకున్నారు. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది. జరిగినదంతా ఆ సంస్థ దాచకుండా ప్రకటించింది కనుకనే మనం ఈ రోజు చదువుకోగలుగుతున్నాం.

ఈ రెండింటి నుంచి గ్రహించవలసినవి ఇవి. ఒకటి, స్టాండ్‌బై అనేది బ్యాకప్ కాదు. ప్రధాన సర్వరులో "ఈ పట్టికను తుడిచివేయి" అన్న ఆజ్ఞ కూడా చిట్టాలో ఒక పద్దే. స్టాండ్‌బై దానిని కూడా నమ్మకంగా పాటిస్తుంది. 14.2లో చెప్పిన నాలుగవ రకం ప్రమాదానికి పాత క్షణానికి వెనుదిరిగే బ్యాకప్ ఒక్కటే దిక్కు. రెండు, తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్‌ను, మారి చూడని డి.ఆర్. కేంద్రాన్ని ఉన్నట్లుగా లెక్కించకూడదు.

14.9 ఎంపిక ఎలా చేయాలి? ఒక ఉదాహరణ

ఇప్పుడు మనమే ఒక ఎంపిక చేసి చూద్దాం. ఒక జిల్లాలో పాల సహకార సంఘం ఉన్నదనుకోండి. దాని కింద 300 గ్రామ కేంద్రాలు. ఒక్కొక్క కేంద్రంలో 60 మంది రైతులు ఉదయం, సాయంత్రం పాలు పోస్తారు. పాల కొలత, వెన్న శాతం యంత్రంలో నమోదై, రైతు చేతికి చీటీ వస్తుంది. ఆ వివరం జిల్లా ఆఫీసులోని సర్వరుకు చేరుతుంది. 15 రోజులకు ఒకసారి ఆ లెక్క ప్రకారం డబ్బు చెల్లిస్తారు. లెక్క పోతే రైతు కష్టం పోయినట్లే. కనుక ఇది చిన్న విషయం కాదు.

మొదటి మెట్టు – ఎంత సమాచారం పోవచ్చు? ఒక పూటకు 300 × 60 = 18,000 పద్దులు. పోయిన పద్దులను గ్రామాలలోని చీటీలు, రిజిస్టర్లు చూసి తిరిగి ఎక్కించవచ్చు. ఒక గుమాస్తా గంటకు 150 పద్దులు ఎక్కిస్తాడనుకుంటే పూట మొత్తానికి 120 గంటల పని. పదిమంది కూర్చున్నా 12 గంటలు. ఇది భరించలేం. 15 నిమిషాల సమాచారం మాత్రమే పోతే? పాలు పోసే సమయం రెండు గంటలయితే అందులో ఎనిమిదో వంతు, అనగా 2,250 పద్దులు. పదిమందికి గంటన్నర పని. ఇది భరించగలం. కనుక ఆర్.పి.ఓ. 15 నిమిషాలు.

రెండవ మెట్టు – ఎంతసేపు ఆగవచ్చు? పాలు నిలవ ఉండవు, సేకరణ ఆగకూడదు. అయితే గ్రామంలోని యంత్రం తనలో ఒక పూట లెక్కను దాచుకోగలదు. కనుక తరువాతి పూటలోగా సర్వరు వస్తే చాలు. ఆర్.టి.ఓ. 4 గంటలు.

మూడవ మెట్టు – ఏ ప్రమాదాల నుంచి? నాలుగు రకాల నుంచీ.

నాలుగవ మెట్టు – పద్ధతి. సింక్రనస్ రెప్లికేషన్ ఇక్కడ అనవసరం. పోయిన పద్దును చీటీ చూసి తిరిగి రాసే వీలున్నది కనుక సున్నా నష్టానికి డబ్బు పోయనక్కరలేదు. మరొక నగరంలో ఒక అసింక్రనస్ స్టాండ్‌బై పెడదాం. దానికి తోడు ప్రతి రాత్రి బ్యాకప్, 15 నిమిషాలకు ఒకసారి లాగ్ మరొక చోట భద్రపరచడం. ఆ బ్యాకప్‌లలో ఒకటి నెట్‌వర్కుకు తగలకుండా విడిగా ఉండాలి. స్టాండ్‌బైకి మారమని చెప్పే అధికారం ఎవరిది, ఆయన సెలవులో ఉంటే ఎవరిది అన్నది కాగితం మీద రాసి గోడకు అంటించాలి.

ఐదవ మెట్టు – అభ్యాసం. మూడు నెలలకు ఒకసారి స్టాండ్‌బైకి మారి ఒక పూట పని నడపాలి. నెలకు ఒకసారి బ్యాకప్‌ను వేరే యంత్రం మీద ఎక్కించి, పట్టిన కాలాన్ని రాసుకోవాలి. ఆ కాలం 4 గంటలు దాటితే మన ఆర్.టి.ఓ. కాగితం మీది అంకె మాత్రమే.

ఇదే ప్రశ్నలు ఒక బ్యాంకుకు వేస్తే జవాబులు మారతాయి. "డబ్బు చేరింది" అని ఖాతాదారునికి చెప్పిన తరువాత ఆ పద్దు పోతే తిరిగి రాయడానికి చీటీ ఉండదు. అక్కడ ఆర్.పి.ఓ. సున్నా కావాలి, సింక్రనస్ తప్పదు. గ్రామ గ్రంథాలయం పుస్తకాల జాబితాకు రోజుకొక బ్యాకప్ చాలు. ఖరీదైన పద్ధతి ఎల్లప్పుడూ మంచి పద్ధతి కాదు. నష్టానికి తగిన పద్ధతే మంచి పద్ధతి.

కృత్యం

మీరు పనిచేసే చోటుగాని, మీకు తెలిసిన దుకాణం, పాఠశాల, ఆసుపత్రిగాని ఒకటి తీసుకోండి. అక్కడ కంప్యూటరు ఆగితే పని ఎంతసేపు చేత్తో నడపగలరో అడిగి తెలుసుకోండి. చివరిసారి బ్యాకప్‌ను తిరిగి ఎక్కించి చూసినది ఎప్పుడో కూడా అడగండి. వచ్చిన జవాబులను పై ఐదు మెట్ల క్రమంలో రాయండి.

మీరు నేర్చుకున్నవి

• నిరంతర లభ్యత చిన్న లోపాలకు, డి.ఆర్. పెద్ద విపత్తులకు ఏర్పాటు.
• ఆర్.టి.ఓ. కాలాన్ని, ఆర్.పి.ఓ. సమాచార నష్టాన్ని కొలుస్తాయి. ముందు ఇవి, తరువాతే పద్ధతి.
• సింక్రనస్ పద్ధతిలో నష్టం ఉండదు, ఆలస్యం ఉంటుంది. అసింక్రనస్ పద్ధతిలో ఆలస్యం ఉండదు, కొంత నష్టం ఉండవచ్చు.
• మనిషి పొరపాటు నుంచి కాపాడేది బ్యాకప్.
• అభ్యాసం చేయని ఏర్పాటును నమ్మరాదు.

పాఠాంత ప్రశ్నలు

1. స్టాండ్‌బై సర్వరు ఉన్నా బ్యాకప్ ఎందుకు అవసరమో ఒక ఉదాహరణతో వివరించండి.
2. దగ్గరలో ఒకటి, దూరంలో ఒకటి స్టాండ్‌బై పెట్టడంలోని కారణం ఏమిటి?
3. మీ జిల్లా ఆసుపత్రి రోగుల వివరాల సర్వరుకు ఆర్.టి.ఓ., ఆర్.పి.ఓ. ఎంత ఉండాలని మీరు అనుకుంటున్నారు? కారణాలు రాయండి.

పాఠంలోని ప్రశ్నలకు జవాబులు

14.1: 1. 6 గంటలు. 2. ఆర్.టి.ఓ. 3. మొదటి రకం, అనగా యంత్రానికి వచ్చే ప్రమాదం నుంచి మాత్రమే.
14.2: 1. సింక్రనస్ రెప్లికేషన్. 2. 200 కిలోమీటర్లకు 1 మిల్లీసెకను. 3. ముగ్గురు.